పగలంతా బాగుంటాడు, నిద్రలోనే ఫిట్స్ వస్తాయి. నిద్రకూ దీనికీ ఏంటి సంబంధం?

కపిలతీర్థం_అమ్మ
మా బాబుకి ఎనిమిదేళ్లు, మూడో తరగతి. రెండు నెలల్లో మూడుసార్లు జరిగింది, మూడుసార్లూ తెల్లవారుజామునే. మొదటిసారి నేను వంటింట్లో పాలు కాస్తున్నా, టీవీలో సుప్రభాతం వస్తోంది, లోపలి నుంచి ఎవరో నీళ్లు పుక్కిలిస్తున్నట్టు గరగరమని శబ్దం. పోయి చూస్తే కుడివైపు పెదవి చివర టకటకా లాగుతోంది, చొంగ కారి దిండు తడిసిపోయింది. కళ్లు తెరిచే ఉన్నాడు, నన్నే చూస్తున్నాడు, ఏదో చెప్పాలని చూస్తున్నాడు కానీ మాట రావడం లేదు. రెండు నిమిషాలు ఉంటుందేమో. తర్వాత "అమ్మా, నాలుక మొద్దుబారింది" అన్నాడు ముద్దముద్దగా. అరగంటకి లేచి బడికి పోతానన్నాడు.

మూడోసారి ముఖంతో ఆగలేదు. చెయ్యి, కాలు, ఒళ్లంతా కొట్టుకుంది. డాక్టర్ దగ్గరికి పరుగెత్తాం. ఈఈజీ (మెదడు అలల్ని గీతలుగా రాసే పరీక్ష) తీశారు, మెలకువగా ఉన్నప్పుడు తీసింది, నార్మల్ అని వచ్చింది. ఇప్పుడు నిద్రలో ఇంకోటి తీయాలి, ముందురోజు రాత్రి సరిగ్గా నిద్రపోనివ్వకుండా తీసుకురండి అంటున్నారు. మా అత్తగారేమో నార్మల్ అని వచ్చాక మళ్లీ పిల్లోణ్ణి ఎందుకు హింస పెట్టడం అంటుంది. మా ఆయన కలవరింతలే అంటాడు. పగలు ఆడతాడు, పరిగెడతాడు, ఏమీ లేదు. నిద్రపోతే మెదడు విశ్రాంతి తీసుకుంటుంది కదా, మరి అప్పుడే ఎందుకు వస్తుంది? తెలిసినవాళ్లు చెప్పండి, నాకు రెండు నెలలుగా కంటి మీద కునుకు లేదు.

బైరాగిపట్టెడ_బాబాయ్
వీడియో తీశారామ్మా? మేము మా మనవడికి అది లేకుండా పోయి నోటితో చెప్తే డాక్టర్‌కి సగమే అర్థమైంది.

కపిలతీర్థం_అమ్మ
రెండోసారిది ఇరవై సెకన్లు ఉంది బాబాయ్. మూడోసారి నా చేతులు వణికి ఫోన్ కింద పడిపోయింది.

ఈఈజీ_గదిలో
ఆ ఇరవై సెకన్లు చాలా విలువైనవి అక్కా, దాచిపెట్టండి. నేను డాక్టర్ని కాను, ఈఈజీ టెక్నీషియన్‌ని, పద్నాలుగేళ్లుగా ఈ గదిలోనే ఉన్నాను. మీ ప్రశ్న రోజూ వినేదే, కాబట్టి కాస్త పొడుగ్గా చెప్తా.

నిద్రలో మెదడు ఖాళీగా ఉండదు. పగలు మెదడు సాయంత్రం పూట గాంధీ రోడ్డు లాంటిది, ఎవరి బేరం వాళ్లది, ఎవరి మాట వాళ్లది. స్క్రీన్ మీద గీతలు కూడా అలాగే ఉంటాయి, చిన్నగా, వేగంగా, గజిబిజిగా. నిద్ర పట్టిందంటే భజన మొదలైనట్టే. లక్షల కణాలు కలిసి ఒకే తాళానికి పడి లేస్తాయి, గీతలు పెద్దవవుతాయి, నెమ్మదిస్తాయి. ఆ తాళం వేయడంలో పెద్ద పాత్ర మెదడు మధ్యలో ఉండే థాలమస్‌ది. అది, పైన ఉండే మెదడు పొర, రెండూ ఒకదానికొకటి అందిస్తూ తీసుకుంటూ ఉంటాయి.

ఇప్పుడు పై పొరలో ఒక చిన్నచోటు మామూలుకంటే తొందరగా రేగిపోయే గుణంతో ఉందనుకోండి. పగలు అది ఒంటరిగా అరిస్తే పక్కవాళ్లు పట్టించుకోరు. రాత్రి అందరూ ఒకే తాళంలో ఉన్నప్పుడు అది తప్పు దెబ్బ వేస్తే పక్కవాళ్లూ దానితో కలుస్తారు. అప్పుడు గీత మీద ముల్లులాంటి మొన లేస్తుంది, దాన్నే స్పైక్ అంటాం. మీరు చెప్పిన లక్షణాలున్న పిల్లల్లో మెలకువలో అరగంట తీసినా రెండు మూడు స్పైక్‌లు కూడా కనపడకపోవచ్చు, కళ్లు మూతలు పడిన ఐదు నిమిషాలకి వరుసగా వచ్చేస్తాయి. అందుకే నార్మల్ అన్న ఆ కాగితం పగటి కథ మాత్రమే చెప్తుంది. మీ అత్తగారికి ఇది చెప్పండి.

పుత్తూరు_రోడ్డు
అంటే గాఢనిద్ర పట్టేకొద్దీ ఎక్కువవుతాయా? కలలు వచ్చే నిద్రలో?

ఈఈజీ_గదిలో
కలలు వచ్చే దశలో తగ్గిపోతాయన్నా. ఆ దశలో తాళం చెదిరిపోతుంది, మళ్లీ గాంధీ రోడ్డు లాగా అవుతుంది. కంటిగుడ్లు కదులుతుంటాయి, ఒళ్లు మాత్రం వదులుగా పడి ఉంటుంది. స్పైక్‌లకి కావలసింది కలలు లేని నిద్ర.

నగరి_మగ్గం
అక్కా, మీరు రాసింది చదువుతుంటే మా పాపను పక్కన కూర్చోబెట్టుకుని చూసినట్టుంది. పెదవి లాగడం, చొంగ, మాట రాకపోవడం, మనల్నే చూస్తూ ఉండడం, అచ్చం అదే. మా పాపకి ఏడేళ్లకి మొదలైంది. రోలాండిక్ ఎపిలెప్సీ అన్నారు, పిల్లల్లో వచ్చే ఒక రకం మూర్ఛ. మెదడులో ముఖాన్ని, నాలుకని, గొంతుని కదిలించే చోటు దగ్గర రోలాండో అనే ఆయన పేరు మీద ఒక గాడి ఉందట, అందుకే ఆ పేరు. ఎక్కువగా నాలుగు నుంచి పదేళ్ల మధ్య మొదలై, పదహారు వచ్చేలోపు దాదాపు అందరికీ పోతుందన్నారు. మా పాపకి పన్నెండు తర్వాత ఒక్కసారీ రాలేదు. ఇప్పుడు పదో తరగతి. టెన్షన్ పడకండి.

ఇంకో సంగతి. మా పాప రిపోర్టులో స్లీప్ స్పిండిల్స్ అని రాసి ఉంటే ఏంటి సార్ అని అడిగా. నిద్రలో సెకనుకి పది, పదిహేనుసార్లు ఊగే అలలు ఒక సెకను సేపు వచ్చి పోతాయి, ఆ ఆకారానికి ఆ పేరు అన్నారు. తెర మీద చూపించారు. చూడగానే నాకు నవ్వొచ్చింది, అది మా జేజి నూలు చుట్టిన కదురే! రెండు చివర్లా సన్నగా, నడుమ లావుగా. మా ఇంట్లో నాలుగు తరాలుగా చూస్తున్న వస్తువు పిల్ల తలలో కనపడింది.

ఈఈజీ_గదిలో
ఇన్నేళ్లలో స్పిండిల్ అంటే కదురు అని నాకు ఎవరూ చెప్పలేదు! రేపటి నుంచి తల్లులకి ఇలాగే చెప్తా.

మామిడితోట_దామలచెరువు
మిషన్లు అవీ సరే. మా అన్న కొడుక్కి ఇలాగే వస్తే తాయెత్తు కట్టించాం, ఏడాదిలో పోయింది. నిద్రలో వచ్చేది గాలి సోకడం వల్లే అని మా పెద్దోళ్లు అంటారు. ఊరికే మందులు మింగించి పిల్లోడి ఒళ్లు పాడు చేసుకోకండి.

నగరి_మగ్గం
అన్నా, మీ పిల్లోడికి తగ్గింది, సంతోషం. కానీ పైన రాశాను చూడండి, ఈ రకం మందు వేసినా వేయకపోయినా వయసుతో పోయేదే. తాయెత్తు కట్టిన ఏడాదికి వయసు కూడా ఒక ఏడాది పెరిగింది కదా. మాకూ కట్టారు, వద్దనలేదు. డాక్టర్ దగ్గరికి పోవడం మాత్రం మానలేదు.

బైరాగిపట్టెడ_బాబాయ్
ఇనుప తాళాలు చేతిలో పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం, పళ్ల మధ్య చెంచా దూర్చడం, ఈ మూడూ మాత్రం ఎవరూ చెయ్యొద్దు. మా మనవడికి పక్కింటాయన చెంచా పెట్టి పాలపన్ను ఊడగొట్టాడు. పక్కకి తిప్పి పడుకోబెట్టి, నోట్లో ఏమీ పెట్టకుండా, గడియారం చూడడమే. ఐదు నిమిషాలు దాటితే 108. ముక్కులో కొట్టే మిడాజోలం స్ప్రే డాక్టర్ రాసిస్తే ఇంట్లో పెట్టుకోండి, ఎంత డోసో ముందే రాయించుకోండి.

మామిడితోట_దామలచెరువు
తాళాలు పెట్టకూడదా? మా ఊళ్లో అందరూ అదే చేస్తారు.

బైరాగిపట్టెడ_బాబాయ్
రెండు నిమిషాలకి దానంతట అదే ఆగుతుంది అబ్బయ్యా, అప్పటికి చేతిలో తాళం ఉంటుంది కాబట్టి తాళం వల్ల ఆగిందనుకుంటాం.

పలమనేరు_పాలకేంద్రం
నిద్ర ఈఈజీకి పోయేవాళ్లకి నా అనుభవం. మమ్మల్ని రాత్రి పన్నెండు దాకా మేలుకోబెట్టి, నాలుగింటికి లేపి తీసుకురండి అన్నారు. పన్నెండు దాకా పచ్చీసు ఆడించాం, నాలుగింటికి మొహం కడిగి ఐదింటి బస్సు ఎక్కించాం. చిత్తూరు దాకా కథలు చెప్పా, పాటలు పాడించా. పూతలపట్టు దాటాక నాకే కునుకు పట్టింది. చంద్రగిరి దగ్గర కళ్లు తెరిస్తే పాప నా ఒళ్లో గుర్రుపెట్టి నిద్ర! గదిలోకి పోయాక తల నిండా వైర్లు పెట్టుకుని ఆ టెక్నీషియన్ అక్కకి వాళ్ల స్కూల్ పాటలన్నీ పాడి వినిపించింది, రెప్ప వాల్చలేదు. మళ్లీ ఇంకో రోజు రావాల్సి వచ్చింది. రెండోసారి ముందురోజే తిరుపతిలో మా చెల్లెలింట్లో దిగాం.

ఈఈజీ_గదిలో
వారానికి ఇద్దరైనా ఇలా వస్తారన్నా. బస్సులో, ఆటోలో ఒక పది నిమిషాల కునుకు చాలు, మా పని పోతుంది. కపిలతీర్థం అక్కా, మీ ఇల్లు దగ్గరే కాబట్టి బండి మీద మీ ఇద్దరి మధ్య కూర్చోబెట్టుకోకుండా ఆటోలో మాట్లాడిస్తూ తీసుకురండి. ముందురోజు తలస్నానం చేయించండి, నూనె మాత్రం రాయొద్దు. కడుపు నిండా తినిపించండి, ఆకలితో ఉన్న పిల్లాడికి నిద్ర రాదు. వాడి దిండు, దుప్పటి తెచ్చుకోండి. ఇరవై ఒక్క చోట్ల పేస్టుతో చిన్న బిళ్లలు అంటిస్తాం, నొప్పి ఉండదు, కరెంటు పెట్టం, మెదడు నుంచి వచ్చేదాన్ని రాసుకోవడమే. 'కరెంట్ షాక్ ఇస్తారంట' అని భయపడి వచ్చే పిల్లలు ఉంటారు, ఆ మాట ఇంట్లో ఎవరూ అనకుండా చూసుకోండి. అప్పటికీ నిద్ర రాకపోతే డాక్టర్ చెప్తే ట్రైక్లోఫాస్ సిరప్ పోస్తారు. సొంతంగా ఏదీ పోయకండి.

చంద్రగిరి_కోట
మా వాడికి తిరుమలలో గుండు కొట్టించిన మూడోరోజే ఈఈజీ తీశారు. బిళ్లలు ఎంత బాగా అతుక్కున్నాయో! కాకపోతే మా అమ్మ పొద్దున్నే గుండుకి గంధం దట్టంగా పూసి పంపింది. అదంతా దూదితో తుడిచి తుడిచి ఆ టెక్నీషియన్ చేతులు పచ్చగా అయిపోయాయి, గది అంతా గుడి వాసన.

పాకాల_మాష్టారు
నగరి చెల్లెమ్మ టెన్షన్ వద్దు అంది, అది ఫిట్స్ వరకు నిజం. దాని పక్కన ఇంకో మాట కూడా పెట్టాలి. ఇరవై రెండేళ్లుగా ప్రాథమిక పాఠశాలలో చెప్తున్నాను. ఒక పిల్లాడు రెండో తరగతిలో గలగలా చదివేవాడు, మూడో తరగతి సగానికి నేను పిలిస్తే పలికేవాడు కాదు. చెవుడేమో అనుకున్నాం. చెవి డాక్టర్ బాగానే ఉంది అన్నాడు. తలుపు చప్పుడైతే తిరిగి చూసేవాడు, మాట మాత్రం అర్థమయ్యేది కాదు. అమ్మానాన్నలు మొండితనం అనుకుని కొట్టారు. నేనూ ఒకసారి కోప్పడ్డాను, అది ఇప్పటికీ గుచ్చుకుంటుంది. ఫిట్స్ వాడికి ఏడాదికి ఒకటో రెండో, అదీ రాత్రిపూట, చిన్నవి. చివరికి వేలూరు తీసుకెళ్లి రాత్రంతా ఈఈజీ పెడితే నిద్ర పొడుగునా స్పైక్‌లే స్పైక్‌లు. లాండౌ, క్లెఫ్నర్ అనే ఇద్దరు 1957లో రాసిన జబ్బు అని చెప్పారు. మందులు పెట్టాక నెమ్మదిగా మాట వచ్చింది, ఏడాదిన్నర పట్టింది.

కాబట్టి ఫిట్స్ ఎన్నిసార్లు అన్నదే లెక్క కాదు. చదువు ఎలా ఉంది, మాట ఎలా ఉంది, నిన్న వచ్చింది ఇవాళ గుర్తుందా, ఇవి డాక్టర్‌కి చెప్పండి. ఆయన అడక్కపోయినా చెప్పండి.

నగరి_మగ్గం
మాష్టారూ, ఆ బాబుది వేరే జబ్బు కదా. రోలాండిక్‌కి దాన్ని కలిపి ఆ తల్లిని ఎందుకు భయపెట్టడం?

పాకాల_మాష్టారు
భయపెట్టడానికి కాదమ్మా. మా బడి పిల్లాడికి ముందు వేసిన పేరు కూడా 'పెద్ద ప్రమాదం లేని రకం' అనే. ఆ మాట పట్టుకుని ఎనిమిది నెలలు పోగొట్టుకున్నాం.

పిల్లల_వార్డు_పీజీ
ఇద్దరిదీ నిజమే, మధ్యలో ఒక దారం ఉంది. నేను పిల్లల వైద్యంలో పీజీ చేస్తున్నాను, మీ బాబుని చూడకుండా మందు గురించి ఏమీ చెప్పను, విషయం మాత్రం చెప్తాను.

రోలాండిక్‌ని ఇదివరకు బినైన్, అంటే హాని చెయ్యనిది అనేవారు. ఆ మాట 2017 వర్గీకరణతోనే పక్కన పెట్టారు, 2022లో అంతర్జాతీయ ఎపిలెప్సీ సంఘం ఇచ్చిన జాబితాలో దాని పేరు 'తనంతట తానే తగ్గే' ఎపిలెప్సీ. తగ్గుతుంది, ఆ మాట నిలబడింది. ఉన్నన్నాళ్లూ ఏ హానీ ఉండదు అన్న మాట నిలబడలేదు, ఎందుకంటే కొందరు పిల్లల్లో చదవడం, మాట, ధ్యాస కొంచెం తగ్గుతున్నట్టు తెలిసింది. చాలామందిలో అది కొద్దిపాటిదే, తర్వాత పుంజుకుంటారు. ఏ కొద్దిమందిలోనో నిద్రలో స్పైక్‌లు విపరీతంగా పెరిగిపోయి మాష్టారు చెప్పిన దిశగా పోతుంది. 1971లో పాట్రీ, ల్యగూబి, టసినారి అనే ముగ్గురు, నిద్రలో 85 శాతానికి పైగా స్పైక్‌లతో నిండిపోయిన ఆరుగురు పిల్లల గురించి రాశారు. ఇప్పుడు ఆ 85 దాటితేనే జబ్బు అని గట్టిగా పట్టుకోవడం లేదు. నిద్రలో స్పైక్‌లు బాగా పెరిగి, దాంతోపాటు పిల్లాడు నేర్చుకున్నది పోగొట్టుకుంటున్నాడా అన్నదే చూస్తారు.

ఇక నగరి అక్క చెప్పిన కదురు దగ్గరికి వద్దాం, అసలు కీలకం అక్కడే ఉంది. ఆ కదుళ్లు థాలమస్‌లో పుట్టి పై పొరకి చేరతాయి. పగలు నేర్చుకున్నది రాత్రి గట్టిపడడంలో వాటికి పాత్ర ఉంది, ఎక్కం అప్పజెప్పడం అయినా సైకిల్ తొక్కడం అయినా. స్పైక్‌లు వాడుకునేది కూడా అదే దారిని. 2021లో బోస్టన్ పరిశోధకులు రోలాండిక్ పిల్లల నిద్ర ఈఈజీలు చూసి, జబ్బు చురుగ్గా ఉన్న పిల్లల్లో ఆ చోట కదుళ్లు తక్కువగా ఉన్నాయనీ, కదుళ్లు తగ్గినవాళ్లకి పరీక్షల్లో కూడా వెనకబాటు కనిపించిందనీ ప్రచురించారు. ఒకే మగ్గం మీద మంచి నూలు, చిక్కుపడ్డ నూలు పోటీపడుతున్నట్టు.

ఇంకో సంగతి. గాఢనిద్రలో వచ్చే పెద్ద నెమ్మది అలలు రాత్రి మొదట్లో నిటారుగా ఉండి తెల్లారేసరికి వాలు తగ్గాలి, పగలంతా బిగిసిన మెదడు కణాల మధ్య అతుకులు (సినాప్సులు) సడలుతున్నాయనడానికి అది గుర్తు అని ఒక సిద్ధాంతం. నిద్రంతా స్పైక్‌లతో నిండిన పిల్లల్లో ఆ వాలు తగ్గాల్సినంతగా తగ్గలేదని కొలిచి చూశారు.

కార్వేటినగరం
డాక్టర్ గారూ, అలాంటప్పుడు మొదటి ఫిట్‌కే మందు మొదలుపెట్టేస్తే పోలా?

పిల్లల_వార్డు_పీజీ
ఒక్కసారి వచ్చిన రోలాండిక్‌కి చాలామంది డాక్టర్లు మందు పెట్టకుండా ఆగి చూస్తారు. తరచుగా వస్తుంటే, ఒళ్లంతా పాకుతుంటే పెడతారు. మందు ఫిట్‌ని ఆపినంత తేలిగ్గా నిద్రలో స్పైక్‌లని ఆపదు. పైగా కార్బమాజెపిన్, ఆక్స్‌కార్బజెపిన్ లాంటివి కొందరు పిల్లల్లో ఈ నిద్ర స్పైక్‌లని పెంచుతాయి. ఇది చదివి ఎవరూ మందు ఆపేయకండి! హఠాత్తుగా ఆపితే ఆగకుండా ఫిట్స్ రావచ్చు. మందు మొదలయ్యాక మాట తడబడినా, చదువు జారినా అదే వారం డాక్టర్‌కి చెప్పాలి, అంతే.

కార్వేటినగరం
నేనైతే పెట్టేస్తా. రాత్రి పక్కన పడుకుని ఎప్పుడొస్తుందో అని చూసే బాధ పడినవాళ్లకి తెలుసు.

నగరి_మగ్గం
మేము పెట్టలేదు. మొత్తం ఐదుసార్లు వచ్చింది. రెండూ సరైన దారులే అన్నా, పిల్లని బట్టి.

ఇంటర్_అయిపోయింది
నాది వేరే రకం కానీ నిద్రతోనే ముడి. ఇంటర్లో హాస్టల్లో పెట్టారు. రాత్రి పదకొండున్నర దాకా స్టడీ, పొద్దున నాలుగున్నరకి లేపేవాళ్లు. లేచి పళ్లు తోముతుంటే బ్రష్ చేతిలోంచి ఎగిరి పడేది. టీ గ్లాసు రెండుసార్లు ఒలికింది. వార్డెన్ నిద్రమత్తు అని తిట్టాడు, నేనూ అదే అనుకున్నా. ఒకరోజు రాత్రంతా చదివి పొద్దున బాత్రూం దగ్గర పూర్తి ఫిట్ వచ్చి పడిపోయా. జువెనైల్ మయోక్లోనిక్ ఎపిలెప్సీ, అంటే చేతులు ఉలిక్కిపడే రకం మూర్ఛ అన్నారు, అది నిద్ర లేచాక గంటలోపు వస్తుంది, నిద్ర చాలకపోతే ఇంకా వస్తుంది. పైవాళ్లది వయసుతో పోయేది, నాది చాలా ఏళ్లు మందు వాడాల్సిందే. ఏడు గంటలు నిద్రపోయి, మందు వేళకి వేసుకుంటే ఏమీ లేదు. హాస్టల్ వదిలేశా, ఇంటి నుంచే చదివా, 940 వచ్చాయి.

పాకాల_మాష్టారు
మార్కులకన్నా నువ్వు హాస్టల్ వదిలే ధైర్యం చేశావు నాయనా, అది గొప్ప.

తాతయ్యగుంట
మా వాడు ఏడాది పొడుగునా బాగుంటాడు, గంగమ్మ జాతర వారంలోనే రెండేళ్లూ వచ్చింది. రాత్రిళ్లు వేషాలు చూస్తాడు, పగలు నిద్రపోడు. అమ్మవారికి కోపం వచ్చిందని ఇంట్లో అన్నారు. ఈసారి రాత్రి తొమ్మిదికి పడుకోబెట్టి, వేషాలకి పొద్దున తీసుకెళ్లాం. ఏమీ రాలేదు. అమ్మవారికి పిల్లల నిద్ర మీద కోపం ఎందుకుంటుంది?

శ్రీకాళహస్తి_అక్క
గురకపెట్టే పిల్లలుంటే చూపించండి. మా పాపకి టాన్సిల్స్, అడినాయిడ్స్ పెద్దవై రాత్రంతా నోరు తెరుచుకుని ఊపిరి కోసం కొట్టుకునేది, నిద్ర ముక్కలు ముక్కలుగా ఉండేది. ఆపరేషన్ అయ్యాక నిద్ర కుదురుకుంది, ఫిట్స్ కూడా తగ్గాయి.

పుత్తూరు_రోడ్డు
రాత్రి కేకలేసి లేచి కూర్చునేది కూడా ఇదేనా? మా వాడు పడుకున్న గంటకి అరుస్తాడు, పొద్దున అడిగితే ఏమీ గుర్తుండదు.

పిల్లల_వార్డు_పీజీ
పడుకున్న గంట, రెండు గంటల్లో, రాత్రికి ఒకసారి, ఒక్కోసారి ఒక్కోలా ఉంటే ఎక్కువగా నిద్రభయాలే, ఫిట్స్ కావు. ఒకే రాత్రి చాలాసార్లు, అర నిమిషమే, ప్రతిసారీ అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉంటే ఫిట్స్ అని అనుమానించాలి. మళ్లీ వీడియోనే దారి.

పనిలో పని, చంటిపిల్లలున్నవాళ్లకి ఒక మాట. నెలల పిల్లలు నిద్ర లేవగానే వరుసగా, కొన్ని సెకన్లకోసారి, తల వంచి చేతులు చాపి ముడుచుకుంటుంటే దాన్ని కడుపునొప్పి అనో ఉలికిపాటు అనో వదిలేయకండి. అది ఇన్‌ఫాంటైల్ స్పాజమ్స్, అంటే చంటిపిల్లల్లో వచ్చే ఒక రకం మూర్ఛ కావచ్చు. రోలాండిక్‌లో నెల ఆగి చూడొచ్చు, ఇందులో ఆగకూడదు. వీడియో తీసుకుని అదే రోజు పోవాలి.

కపిలతీర్థం_అమ్మ
అందరివీ రెండుసార్లు చదివా. మాష్టారి మాట చదివాక ఒకటి గుర్తొచ్చింది, ఇక్కడే చెప్తున్నా. నెల రోజులుగా ఎనిమిదో ఎక్కం రాత్రి గడగడా అప్పజెప్తాడు, పొద్దున అడిగితే ఎనిమిది మూళ్ల దగ్గర ఆగిపోతాడు. ఆట మీద ధ్యాస అని రెండు దెబ్బలు కూడా వేశా. ఇప్పుడు చేతులు విరిగిపోవాలి అనిపిస్తోంది.

పాకాల_మాష్టారు
అమ్మా, అలా అనకు. నేనూ చేసిన పనే. ఎనిమిదో ఎక్కం చాలామంది పిల్లలకి కష్టమే, దానికదే జబ్బు గుర్తు కాదు. కానీ డాక్టర్‌కి ఈ మాట ఇలాగే, ఎనిమిది మూళ్లతో సహా చెప్పు. మీ టీచర్‌ని కూడా అడిగి, ఆరునెలల కిందటి నోటుబుక్కు, ఇప్పటిది రెండూ పట్టుకెళ్లు.

ఈఈజీ_గదిలో
మీ అత్తగారు ఏమన్నారు?

కపిలతీర్థం_అమ్మ
నార్మల్ పగటి కథ అని మీరు చెప్పింది చదివి వినిపించా. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత 'రాత్రి నేను మేలుకోబెడతా, నాకెలాగూ నిద్ర పట్టదు' అంది.

పిల్లల_వార్డు_పీజీ
అత్తగారికి ఇంకో మాట కూడా చెప్పండి. నిద్రలో తీస్తేనే తెలుస్తుందన్నది కొత్త వింత కాదు. మనిషి తల మీద నుంచి ఈ అలలని హాన్స్ బెర్గర్ మొదట 1924లో రాసుకున్నాడు, 1929లో ప్రపంచానికి చెప్పాడు. ఇరవై ఏళ్లు తిరక్కుండానే, 1940లలో గిబ్స్ దంపతులు మెలకువలో దొరకనిది నిద్రలో దొరుకుతుందని చూపించారు. అంతకుముందే, ఈ యంత్రాలేవీ లేని 1885లో, ఇంగ్లండ్‌లో గోవర్స్ అనే డాక్టర్ రోగులని పగలు వచ్చేవాళ్లు, రాత్రి వచ్చేవాళ్లు, రెండు వేళలా వచ్చేవాళ్లు అని విడదీసి రాశాడు. ఏ వేళకి వచ్చిందో ఇంట్లోవాళ్లు చెప్పిన మాటల్నే ఆయన నమ్ముకున్నాడు.

కపిలతీర్థం_అమ్మ
పది రోజులైంది, ఏమైందో చెప్తున్నా. అత్తగారు రాత్రి ఒంటిగంట దాకా వాడితో అష్టాచెమ్మా ఆడింది, ఏడుసార్లు ఓడిపోయిందట. ఆటోలో వాడి చేత దారిలో బోర్డులన్నీ చదివించాం. ఇడ్లీ తిన్నాడు, వాడి దుప్పటి కప్పుకున్నాడు, ఎనిమిది నిమిషాల్లో నిద్రపోయాడు. టెక్నీషియన్ నన్ను పిలిచి తెర చూపించింది. అప్పటిదాకా చిన్న చిన్నగా ఉన్న గీతలు నా కళ్లముందే పెద్దవయ్యాయి, ఎడమవైపు గీతల్లో ముళ్లలా లేచాయి. కుడివైపు మాత్రం నగరి అక్క చెప్పినట్టే, సన్నగా మొదలై, లావై, మళ్లీ సన్నబడి. నేనే చూపించి ఇది కదురు కదా అన్నా. ఆమె ఆశ్చర్యపోయింది.

రోలాండిక్కే అన్నారు. నిద్రలో స్పైక్‌లు ఉన్నాయి కానీ నిద్రంతా నిండిపోలేదు, నిద్ర అలల అల్లిక బాగానే ఉంది అన్నారు. రెండు నెలల్లో మూడుసార్లు, ఒకటి ఒళ్లంతా కాబట్టి లెవెటిరాసిటామ్ తక్కువ డోసుతో మొదలుపెట్టారు, చిరాకు, కోపం పెరిగితే చెప్పమన్నారు. నోటుబుక్కులు రెండూ చూశారు. చదువు పరీక్షలు ఒకసారి చేయించి, ఆరునెలల తర్వాత మళ్లీ నిద్ర ఈఈజీతో పోల్చి చూద్దామన్నారు. అడిగినవాళ్లు లేరు, మీరే తెచ్చారు మంచిపని అన్నారు. మాష్టారూ, మీకు దండం.

నగరి_మగ్గం
ఆ కుడివైపు కదుళ్లే ఎడమవైపు కూడా వస్తాయి అక్కా.

మామిడితోట_దామలచెరువు
మంచిది తల్లీ. మా అన్నకి కూడా ఈ చర్చ చూపించా. తాళాల గుత్తి సంగతి ఊళ్లో చెప్తున్నా.

కపిలతీర్థం_అమ్మ
ఈఈజీ గది తమ్ముడూ, ఒక్కటే అడగాలి. రెండు రోజులైంది, వాడి జుట్టులో పేస్టు అట్టలు కట్టి ఉంది, దువ్వెన దిగడం లేదు, ఏడుస్తున్నాడు.

ఈఈజీ_గదిలో
పొడిగా దువ్వకండి అక్కా. గోరువెచ్చటి నీళ్లలో తువ్వాలు ముంచి పది నిమిషాలు తలకి చుట్టి ఉంచండి, మెత్తబడుతుంది. తర్వాత కుంకుడుకాయ రసం. పోతుంది.